సగం బలము – సాముగరిడీ నుండి బడి మైదానం వరకు



అక్షరాల గురించి, వాచకాల గురించి వ్రాయవలసిన తెలుగు ఉపాధ్యాయుడు దండీల గురించి, బస్కీల గురించి, బెణుకుల గురించి వ్రాయబూనడం మీలో కొందరికి వింతగా తోచవచ్చును. వ్యాయామం సంగతి వ్యాయామోపాధ్యాయుడు చూచుకొనడా అని మీరు అడుగవచ్చును. నేను కూడ చాలకాలం అట్లే అనుకొన్నాను. ఒక చిన్న సంఘటన నా అభిప్రాయాన్ని మార్చినది. ముందుగా దానిని మనవి చేసి, తరువాత చరిత్రలోనికి ప్రవేశిస్తాను.

తమిళనాడు ఉత్తర సరిహద్దు ప్రాంతపు బడి ఒకదానిలో నేను తెలుగు చెప్పుతున్న రోజులవి. ఎనిమిదవ తరగతి బాలుడొకడు చెడుగుడు ఆడుతూ కాలు మడతపడి క్రింద పడినాడు. వ్యాయామోపాధ్యాయునకు తెలుగు రాదు. ఆయన మంచివాడే, పిల్లలపై ప్రేమ కలవాడే. ఏమైనదని అడిగినప్పుడు బాలుడు తనకు తెలిసిన ఒకే ఒక తమిళ మాట చెప్పినాడు: "సుళుక్కు". అనగా బెణుకు. ఆయన ఆ మాటను నమ్మి, చీలమండకు నూనె వ్రాసి, పాదం పట్టి లాగి, నాలుగడుగులు కుంటించి, ఇంటికి పంపినారు. ఇంటిలో నాయనమ్మ వాని కాలు తాకకుండానే రెండు ప్రశ్నలు వేసినది. "ఏమిరా, పుటుక్కుమనిందా? కాలు మోపగలవా?" వాడు చెప్పినాడు: "పుటుక్కుమనింది అవ్వా. మోపలేను." ఆమె వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపొమ్మన్నది. ఎక్స్‌రేలో చీలమండ దగ్గర ఎముక చివర విరిగినట్లు తేలినది. ఆ లాగుడు వలన నొప్పి మరింత పెరిగినది, వాపు పెరిగినది. అదృష్టవశాత్తు కాలు బాగుపడినది.

ఆ బాలుని దగ్గర మాట లేక కాదు. "పుటుక్కుమన్నది", "మోపలేను" అనే రెండు మాటలూ వానికి వచ్చును. కాని అవి ఇంటి మాటలు. బడి మైదానంలో వాటికి చోటు లేదని వాడు అనుకొన్నాడు. ఆ రోజు నుండి నన్నొక ప్రశ్న వెంటాడినది. దేహాన్ని గురించి, శ్రమను గురించి, గాయాన్ని గురించి మన భాషలో ఇంత నిండుగా మాటలున్నవే, ఇవి ఎక్కడి నుండి వచ్చినవి? మన బడి వాటిని ఎప్పుడు విడిచిపెట్టినది?

వైద్యులు గీసిన గీత

వ్యాయామమనగా బలాన్ని పెంచే సాధన అని మాత్రమే మనం అనుకొంటాము. ప్రాచీన వైద్యులు దానితోపాటు ఒక హద్దును కూడ చెప్పినారు. సుశ్రుత సంహితలోని చికిత్సాస్థానం మనిషి తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని విధించినది. సగం బలమని తెలియడమెట్లు? దానికి కూడ గుర్తు చెప్పినారు. శ్వాస నోటి గుండా రావడం మొదలైనప్పుడు ఆగవలెను. వయస్సు, బలం, శరీరం, ప్రదేశం, కాలం, ఆహారం అనే ఆరింటినీ చూచుకొని మాత్రమే శ్రమ చేయవలెనని కూడ ఆ గ్రంథమే చెప్పినది. అజీర్ణంతో ఉన్నవారు, చిన్నపిల్లలు, వృద్ధులు కఠిన వ్యాయామం మానవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయంలో హెచ్చరించినాడు. అతిగా చేసినవాడు ఏనుగును ఈడ్వబోయిన సింహం వలె నశిస్తాడని ఆయన చెప్పిన పోలిక ప్రసిద్ధమే.

నేటి వ్యాయామ శిక్షకులు "మాట్లాడే పరీక్ష" అని ఒకటి చెప్పుతారు. వేగంగా నడుస్తూ మాట్లాడగలిగితే శ్రమ మితంగా ఉన్నట్లు. రెండు మాటలకే ఆయాసం వస్తే శ్రమ తీవ్రమైనట్లు. శ్వాసనే కొలబద్దగా చేసుకొన్న ఈ పద్ధతికి, సుశ్రుతుని గుర్తుకు పోలిక ఉన్నదని మీరు గమనించే ఉంటారు. పూర్వులకు అన్నీ తెలుసునని నేను అనబోవడం లేదు. పిల్లలకు వ్యాయామం వలదన్న మాటను నేటి వైద్యం అంగీకరించదు. 5 నుండి 17 ఏండ్ల వయస్సు పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెప్పుతున్నవి. ఎముకలకు, కండరాలకు బలమిచ్చే శ్రమ వారానికి కనీసం మూడు రోజులు ఉండవలెనని కూడ అవి చేర్చినవి. నేను చూపదలచినది ఒక్కటే. వ్యాయామమనే భావంతోపాటే హద్దు అనే భావం కూడ పుట్టినది.

కల్యాణం నుండి హంపి వరకు

కర్ణాటకలో స్థిరపడిన మన పాఠకులకు బీదరు జిల్లాలోని బసవకల్యాణం తెలిసిన ఊరే. పశ్చిమ చాళుక్యుల రాజధాని అయిన ఆ కల్యాణంలో మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1130 ప్రాంతంలో మానసోల్లాసమనే విజ్ఞాన గ్రంథాన్ని సంస్కృతంలో రచించినాడు. అందులో మల్లవినోదమనే ప్రకరణం మల్లయుద్ధానికే కేటాయింపబడినది. వయస్సును, దేహపరిమాణాన్ని, బలాన్ని అనుసరించి మల్లులను తరగతులుగా విభజించడం అందులో కనిపిస్తుంది. బరువులతో చేసే శ్రమ, నడకతో చేసే శ్రమ, నీటిలో ఈదే శ్రమ, స్తంభాన్ని పట్టుకొని చేసే శ్రమ అని సాధనలు వేరువేరుగా చెప్పబడినవి. మల్లులకు పప్పు, మాంసం, పాలు, తీపి పదార్థాలు సమకూర్చే బాధ్యత రాజుదే.

ఇందులో గాయాల నివారణ ఎక్కడ ఉన్నదని మీరు అడుగవచ్చును. విభజనలోనే ఉన్నది. సమానులకే సమానులతో పోటీ పెట్టడం గాయాన్ని తప్పించే మొదటి ఉపాయం. నేటి కుస్తీలో, బరువుల పోటీలలో దేహపు బరువును బట్టి వర్గాలు చేయడం వెనుక ఉన్న న్యాయం కూడ అదే. మన బడి మైదానంలో మాత్రం ఆరవ తరగతి పిల్లవానిని పదవ తరగతివాడు చెడుగుడులో పట్టి పడవేయడం నేను ఎన్నోసార్లు చూచినాను. ఎనిమిదివందల తొంబది ఏండ్ల క్రితం కల్యాణంలో తెలిసిన సంగతిని మనం మరచిపోయినామా?

కల్యాణం నుండి దక్షిణంగా వచ్చి, నాలుగు శతాబ్దాలు ముందుకు జరుగుదాము. క్రీ.శ. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల ప్రాతఃకాల దినచర్యను వర్ణించినాడు. రాయలు తెల్లవారక మునుపే నువ్వులనూనె త్రాగి, అదే నూనెను ఒంటికి పట్టించుకొనేవాడట. చిన్న గోచీ కట్టి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడట. ఆ తరువాత కత్తి పట్టి, ఒంటి నూనె అంతా చెమటగా కారిపోయేదాక సాము చేసేవాడట. అటు పిమ్మట తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టేవాడు. చివరకు గుర్రమెక్కి తెల్లవారేదాక మైదానంలో అటునిటు పరుగెత్తించి, ఆపైన స్నానానికి వెళ్ళేవాడు.

ఈ వర్ణనను మనం సాధారణంగా రాయల పరాక్రమానికి సాక్ష్యంగా చదువుతాము. ఈసారి క్రమాన్ని గమనింపుడు. మొదట అభ్యంగనం, తరువాత తన అదుపులో ఉండే బరువు, ఆపైన కదలికతో కూడిన కత్తిసాము, ఒళ్ళంతా చెమట పట్టిన పిమ్మటనే ఎదుటివానితో పోరు. ఎదుటివాని బలం మన అదుపులో ఉండదు కనుక, అన్నింటికంటె ప్రమాదకరమైన కుస్తీ దేహం వేడెక్కిన తరువాతనే వచ్చినది. కండరం వేడెక్కక మునుపు దానిని హఠాత్తుగా లాగరాదని, తేలిక కదలికల నుండి కష్టమైన వాటికి మెట్టుమెట్టుగా పోవలెనని నేటి క్రీడావైద్యం బోధిస్తున్నది. విజయనగర చక్రవర్తి దినచర్యలో ఆ మెట్లు వరుసగా కనిపిస్తున్నవి.

గరిడీ మట్టి, వస్తాదు కన్ను

రాజుల మాట అటుంచి, ప్రజల సంగతికి వద్దాము. కర్ణాటకలో గరడి మనె, మహారాష్ట్రలో తాలీమ్, తెలుగునాట సాముగరిడీ, తాలింఖానా అని పిలిచినవన్నీ ఒకే కుటుంబానికి చెందిన సంస్థలు. "తాలీమ్" అనే అరబీ మాటకు అర్థమేమిటో తెలుసునా? విద్య, బోధన. తాలింఖానా అనగా విద్యాలయమన్నమాట. వ్యాయామశాలను బడి అనే పిలిచిన సమాజం మనది. అక్కడి గురువును ఉస్తాదు అన్నారు. అదే మన నోట వస్తాదు అయినది.

మైసూరు గరడి మనెలలోగాని, కొల్హాపురపు తాలీములలోగాని మీరు అడుగుపెట్టి ఉంటే ఆ ఎర్రమట్టిని చూచి ఉంటారు. మెత్తని మట్టిని జల్లించి, పసుపు, నూనె, మజ్జిగ వంటివి కలిపి సిద్ధం చేస్తారు. శిష్యులు కుస్తీకి ముందు పారతో మట్టిని త్రవ్వి, గుల్ల చేసి, చదును చేయవలెను. క్రొత్త శిష్యునకు ఇది వెట్టిచాకిరి వలె కనిపించును. కాని ఒకే పనిలో రెండు ప్రయోజనాలు నెరవేరుతున్నవి. త్రవ్వేవాని నడుము, భుజాలు, తొడలు వేడెక్కుతున్నవి. పడేవాని క్రింద నేల మెత్తబడుతున్నది. నేటి భాషలో చెప్పవలెనంటే ఒకటి సన్నాహక వ్యాయామం, రెండవది ఆటస్థలపు భద్రత.

వస్తాదు మరొక పని చేసేవాడు. ఏ శిష్యుడు ఈ రోజు ఎన్ని దండీలు, ఎన్ని బస్కీలు తీయవలెనో మనిషిని చూచి చెప్పేవాడు. నిన్న జ్వరం వచ్చినవానికి ఒక లెక్క, పెండ్లి భోజనం చేసి వచ్చినవానికి మరొక లెక్క. పుస్తకం చదువని వస్తాదు కూడ సుశ్రుతుడు చెప్పిన ఆరింటినీ తన కంటితో కొలిచేవాడు.

గరిడీలో అంతా మంచియే ఉన్నదని నేను చెప్పను. చాలచోట్ల ఆడపిల్లలకు అక్కడ ప్రవేశం లేదు. కులాల గోడలు ఉండేవి. మెడ విరిగినవారు, చెవులు నలిగినవారు లేకపోలేదు. అయినను గాయాన్ని సాధకుని ఖర్మకు వదలివేయకుండ, దానిని గురువు బాధ్యతగా ఎంచిన పద్ధతి అది.

పడగొట్టిన చేయి, పట్టు వేసిన చేయి

తంజావూరు ప్రాంతపు పాఠకులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదువవలెనని నా కోరిక. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథంలో జెట్టీలను గురించి వ్రాసినాడు. జెట్టీలు వృత్తిరీత్యా మల్లులు. తెలుగు జిల్లాలలో వారు ఒళ్ళు పిసికి, లేపనాలు రుద్ది, నరాల నొప్పులను మాన్పేవారని ఆయన పేర్కొన్నాడు. తంజావూరులో తమిళుల నడుమ జీవిస్తున్నప్పటికీ వారు తెలుగే మాట్లాడేవారని కూడ వ్రాసినాడు.

ఈ రెండు వాక్యాలను కలిపి చదువుడు. కుస్తీ పట్టే చేయి, నొప్పి తీసే చేయి ఒక్కటే. ఆ చేతికి తోడైన భాష చుట్టూ వేరొక భాష ఉన్నను నిలిచినది. తమిళ సీమలో తెలుగు నిలబడడానికి కావ్యాలు, కీర్తనలు మాత్రమే కారణమని మనం చెప్పుకొంటాము. వృత్తి కూడ ఒక కారణమే. ఏ కీలు ఎట్లు తొలగినది, ఏ నరం ఎక్కడ పట్టినది అని తండ్రి కొడుకుకు చెప్పే భాష సులభంగా మారదు.

ఇదే కోవలోనిది చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు. ఎముకలు విరిగినవారు దూరదూరాల నుండి, ముఖ్యంగా చెన్నపట్నం నుండి పుత్తూరుకు వెళ్ళడం తరతరాలుగా సాగుతున్నది. తమిళనాట వీధి వీధిలో "పుత్తూర్ కట్టు" అనే పలకలు వెలసినవంటే ఆ పేరుకు ఉన్న గౌరవం ఎంతటిదో ఊహింపవచ్చును.

అయితే ఉపాధ్యాయునిగా నేను ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండ ఉండలేను. బిగుతుగా కట్టిన కట్టు రక్తప్రసారాన్ని ఆపివేయగలదు. మోచేయి విరిగిన పిల్లలకు బిగుతైన కట్టు వలన చేతి కండరాలు చచ్చి, వ్రేళ్ళు శాశ్వతంగా ముడుచుకొనిపోయిన ఉదంతాలు వైద్యగ్రంథాలలో కలవు. కట్టు కట్టిన తరువాత వ్రేళ్ళు చల్లబడినను, నీలిరంగుకు మారినను, తిమ్మిరెక్కినను, నొప్పి తగ్గవలసినది పెరిగినను క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలెను. పిల్లల ఎముకల చివర పెరుగుదలకు సంబంధించిన మెత్తని పొర ఉండును. అది పక్కనున్న బంధకాల కంటె బలహీనమైనది. పెద్దవారిలో బెణుకుగా ముగిసే దెబ్బ పిల్లలలో ఆ పొరను చీల్చవచ్చును. అందుకే పిల్లలు పడినప్పుడు ముందు ఎక్స్‌రే, తరువాతనే ఏ కట్టయినను.

సైదాపేట, డ్రిల్లు, గోడకుర్చీ

ఇప్పుడు మన కథ బడిలోనికి ప్రవేశిస్తున్నది. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తినాయుడు గారిని తెలుగువారందరు కలియుగ భీముడని ఎరుగుదురు. గుండెపై ఏనుగును ఎక్కించుకొనడం, ఒంటికి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచడం, మోటారుకార్లను కదలనీయకుండ నిలుపడం వంటి ప్రదర్శనలతో ఆయన ప్రఖ్యాతి దేశాంతరాలకు వ్యాపించినది. కాని సర్కసుకు ముందు ఆయన మన వంటి బడిపంతులు. విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి వచ్చి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేసినారు. గరిడీ సంప్రదాయం, ప్రభుత్వ శిక్షణ ఒకే మనిషిలో కలిసిన ఘట్టమది.

ఆ పిమ్మట 1920లో అమెరికాకు చెందిన హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాసంస్థను స్థాపించినారు. దక్షిణాది బడులకు శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయులు లభించడంలో దానిది పెద్ద పాత్ర. ఇటువంటి శిక్షణ వలన బడులకు కలిగిన మేలు తక్కువది కాదు. కులభేదం లేకుండ పిల్లలందరు ఒకే మైదానంలో నిలిచినారు. క్రమంగా ఆడపిల్లలు కూడ వచ్చినారు. దేహనిర్మాణ శాస్త్రం వ్యాయామానికి తోడైనది.

పోగొట్టుకొన్నది కూడ ఉన్నది. బడి డ్రిల్లు సైనికుల కవాతు నుండి పుట్టినది. అందులో ఆజ్ఞ ఒకటే, లెక్క ఒకటే. "అటెన్షన్", "స్టాండెటీజ్", "ఎబౌట్ టర్న్" అనే ఆజ్ఞలకు అర్థం తెలియనక్కరలేదు, కదిలితే చాలును. మనిషిని చూచి లెక్క చెప్పే వస్తాదు కన్ను నూరుమంది వరుసలో సాధ్యం కాదు. మరొక మార్పు ఇంకను దారుణమైనది. వ్యాయామం శిక్షగా మారినది. గుంజీలు, గోడకుర్చీ, మైదానం చుట్టూ పరుగు అనగానే మీకు ఏమి గుర్తుకు వచ్చును? బస్కీకి చెవులు పట్టుకొనడం తోడైతే గుంజీ. తొడకండరాలకు మంచిదైన భంగిమను మోకాళ్ళు వణికేదాక నిలిపితే గోడకుర్చీ. శిక్షణ, శిక్ష అనే రెండు మాటలు ఒకే ధాతువు నుండి వచ్చినవని వ్యాకరణం చెప్పుతుంది. మన బడి వాటి మధ్య తేడాను కూడ చెరిపివేసినది. శారీరక శిక్షను విద్యాహక్కు చట్టం 2009లో నిషేధించినది. కాని వ్యాయామమంటే శిక్ష అనే భావం పిల్లల మనస్సు నుండి పోవడానికి చట్టం చాలదు.

రామమూర్తినాయుడు గారి చివరి రోజులు మన ఒడిశా పాఠకులకు దగ్గరివి. కాలికి లేచిన పుండు మానక, ఆ కాలిని తీసివేయవలసి వచ్చినది. మత్తుమందు లేకుండనే ఆ శస్త్రచికిత్సను భరించినారని చెప్పుకొంటారు. బలంగీరులో జీవితపు చివరి భాగాన్ని గడిపి, 1942లో అక్కడే కన్నుమూసినారు. ఏనుగును మోసిన దేహాన్ని ఒక పుండు లొంగదీసినది. మన వాచకాలలో ఏనుగు నిలిచినది, గొలుసు నిలిచినది. ఆ బలం వెనుక ఉన్న నిత్యసాధన, దేహరక్షణ అనే పాఠం మాత్రం నిలువలేదు. బలాన్ని కథగా చెప్పుకొన్నాము. బలాన్ని కాపాడుకొనే విద్యను చెప్పుకొనలేదు.

గాయం తరువాత

గాయాన్ని దాచిపెట్టి వీరగాథలు చెప్పడం పిల్లలకు మేలు చేయదు. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారత మహిళ. నాలుగేండ్ల తరువాత ఏథెన్సులో ఆమెను ఆపినది వెన్నునొప్పి. పుల్లెల గోపీచంద్ 1994లో పుణె జాతీయ క్రీడలలో ఆడుతూ మోకాలి బంధకాలు తెగి పడిపోయినారు. శస్త్రచికిత్సలు, నెలల తరబడి ఓపికతో చేసిన వ్యాయామాల అనంతరం 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేతగా నిలిచినారు. ఈ రెండవ కథలో నేను పిల్లలకు చెప్పేది గెలుపు కాదు, ఆ నడిమి ఏడేండ్లు. గాయపడిన కీలు తొందరపెడితే మానదు, వదలివేస్తే కూడ మానదు.

వైద్యం కూడ ఈ విషయంలో తనను తాను దిద్దుకొన్నది. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా వైద్యుడు బెణుకులకు విశ్రాంతి, మంచు, కట్టు, కాలిని ఎత్తులో ఉంచడం అనే నాలుగు సూత్రాలను ప్రచారంలోనికి తెచ్చినాడు. తరువాతి కాలంలో ఆయనే మంచు, సంపూర్ణ విశ్రాంతి మానుదలను ఆలస్యం చేయవచ్చునని సవరించుకొన్నాడు. మొదటి ఒకటి రెండు రోజులు కాపాడి, పిమ్మట నొప్పి అనుమతించిన మేరకు మెల్లగా కదిలించవలెనన్నది నేటి అభిప్రాయం. తాజా దెబ్బపై నూనె వేసి మర్దించడం, కాపడం పెట్టడం, లాగడం మాత్రం కూడదు. మా బడిలో జరిగిన పొరపాటు సరిగ్గా ఇదే.

అన్నింటికంటె ఆశ కలిగించే విషయం మరొకటి. నార్వేలో 13 నుండి 17 ఏండ్ల వయస్సు గల సుమారు 1,900 మంది ఫుట్‌బాల్ బాలికలపై జరిపిన పరిశీలన 2008లో ప్రకటితమైనది. ఆటకు ముందు ఇరువది నిమిషాలపాటు నెమ్మది పరుగు, తొడల బలం పెంచే కదలికలు, ఒంటికాలిపై నిలుకడ, దుమికి మోకాళ్ళు వంచి మెత్తగా దిగడం వంటి వాటిని క్రమంగా చేసిన జట్లలో గాయాలు ఇంచుమించు మూడింట ఒక వంతు తగ్గినవి. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. ఒక బంతి, కొంత స్థలం, ఓపిక గల ఉపాధ్యాయుడు ఉంటే చాలును. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలిపై దుమికే మన ఆడపిల్లలకు ఇందులో సగం ముందే వచ్చును.

తెలుగు ఉపాధ్యాయుడు చేయగలిగినది

ఇక మొదటి సంఘటనకు తిరిగి వస్తాను. నాయనమ్మ వేసిన "కాలు మోపగలవా?" అనే ప్రశ్న ఉన్నదే, కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో చీలమండ గాయాలకు రూపొందించిన నియమాలలో అది ఒక ముఖ్యమైన ప్రశ్న. చీలమండ దగ్గర నొప్పితోపాటు, దెబ్బ తగిలిన వెంటనే, ఆసుపత్రిలో చూచినప్పుడు కూడ నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయవలెనన్నది ఆ నియమం. ఎముక అంచున నొక్కితే నొప్పి పుట్టడం మరొక గుర్తు. నాయనమ్మ ఒట్టావా పేరు వినలేదు. ఆమెకు భాష తెలుసును. ఆ భాష తరతరాల అనుభవాన్ని మోసుకొనివచ్చినది.

మాటల జాబితా ఒకటి చూడుడు. బెణికినది, పట్టివేసినది, కొంకర్లు పోయినది, కమిలినది, వాచినది, తిమ్మిరెక్కినది, గూడ జారినది, కీలు తొలగినది, విరిగినది. ఇవి తొమ్మిది వేరువేరు స్థితులు. ఒక్కొక్కదానికి చేయవలసిన పని వేరు. పిక్క, మడమ, చీలమండ, మోకాలిచిప్ప, గజ్జ, జబ్బ, మణికట్టు అనే మాటలు చోటును చూపుతవి. కన్నడంలో బెణుకును "ఉళుకు" అంటారు. తెలుగు చెవికి అది "ఉలుకు" వలె వినిపించి భయమనే అర్థాన్ని ఇస్తుంది. మరాఠీలో "మురగళణే" అన్నప్పుడు మన షోలాపురం పిల్లలకు అర్థమవును. కాని ఇంటిలో అవ్వకు చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు మాట దొరకక "కాలు నొప్పి" అని ఊరుకొంటారు. నొప్పి అనే ఒక్క మాటతో వైద్యుడు ఏమి చేయగలడు? రెండు భాషలలోను మాట తెలిసిన బిడ్డకు రెండింతల రక్షణ.

మిత్రులారా, మన బడులలో తెలుగు పీరియడు ఎట్లు కుదించబడుతున్నదో మీకు తెలియనిది కాదు. పరీక్షలు సమీపించగానే తెలుగు పీరియడు, వ్యాయామపు పీరియడు రెండును లెక్కల పాఠానికి ఒకేసారి బలి అవుతున్నవి. విద్యాహక్కు చట్టపు అనుబంధం ప్రతి బడికి ఆటస్థలం ఉండవలెనని చెప్పినది. ఆ స్థలంలో మాట్లాడే మాటను గురించి ఏ చట్టమూ చెప్పదు. అది మన పని. ఈ రెండు అనాథ పీరియడులను ఒకదానికొకటి తోడు చేయరాదా?

నేను చేస్తున్నదేమో చెప్పుతాను. వారానికొకరోజు తెలుగు పాఠాన్ని మైదానం అంచున, చెట్టు నీడలో చెప్పుతున్నాను. పిల్లలు తమ దేహభాగాలను తెలుగులోను, బడి భాషలోను చెప్పవలెను. తరువాత ఒకడు దెబ్బ తగిలినవాడుగా నటిస్తాడు, మరొకడు ప్రశ్నలు వేస్తాడు. ఎక్కడ? ఎట్లు? చప్పుడైనదా? కాలు మోపగలవా? తిమ్మిరిగా ఉన్నదా? తరువాత ఆ సమాధానాలను వ్యాయామోపాధ్యాయునకు ఆయన భాషలో చెప్పిస్తాను. ఆయన కూడ వచ్చి కూర్చుంటున్నారు. ఇప్పుడు ఆయనకు "పుటుక్కుమన్నది" అనే మాట తెలుసును. నేను ఆయన దగ్గర నుండి ఒంటికాలి నిలుకడ, దుమికి దిగే పద్ధతి నేర్చుకొన్నాను. యాబది దాటిన నా మోకాళ్ళకు సగం బలమే పెడుతున్నాను.

మీ ఊరిలో పాత గరిడీ ఉన్నదా? మట్టి త్రవ్విన తాతలు, కీళ్ళు సరిచేసిన అవ్వలు ఇంకను ఉన్నారా? వారి దగ్గరకు మీ విద్యార్థులను పంపి, వారి నోటి మాటలను వ్రాయించుకొనిరమ్మనుడు. పూర్వవైద్యాన్ని గుడ్డిగా నమ్మించడానికి కాదు. ఆ మాటలతో పిల్లవాడు తన నొప్పిని సరిగ్గా చెప్పగలిగితే, సరియైన వైద్యుని దగ్గర సరియైన వైద్యం దొరుకును. మీరు సేకరించిన మాటలను నాకు కూడ తెలుపగోరుతున్నాను. వచ్చే ఏడాది మా బడి పిల్లలు వాటిని మైదానపు గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాస్తామంటున్నారు.

సెలవు.